దూరం నమ్మవచ్చు, సమయం నమ్మరాదు: విమాన దూరం లెక్కించే ఉచిత సేవలపై సమీక్ష

రెండు నగరాల పేర్లు రెండు గళ్లలో నింపి మీట నొక్కితే, వాటి మధ్య విమాన దూరం ఎంతో, ప్రయాణానికి ఎంతసేపు పడుతుందో క్షణంలో చెప్పే ఉచిత సేవలు అంతర్జాలంలో చాలా ఉన్నాయి. పేర్లు వేరైనా వీటి రూపం దాదాపు ఒక్కటే: పైన దూరం కిలోమీటర్లలో, మైళ్లలో, నాటికల్ మైళ్లలో, కింద పటం మీద వంపు తిరిగిన గీత, ఆ పక్కన గంటలు, నిమిషాల్లో ప్రయాణ సమయం, చుట్టూ ప్రకటనలు. ఏదో ఒక సేవను విడిగా తీసుకుని మెచ్చుకోవడమో తప్పుపట్టడమో కాక, ఈ తరహా సేవలు ఉమ్మడిగా ఏ పని బాగా చేస్తున్నాయి, ఎక్కడ చేతులెత్తేస్తున్నాయి అన్నది పరిశీలించడమే ఈ సమీక్ష ఉద్దేశం. నా తీర్పు ముందే చెబుతాను. ఇవి చూపే దూరం చాలావరకు నమ్మదగినది. ఇవి చూపే సమయాన్ని నమ్మి ప్రయాణం ఏర్పాటు చేసుకోవడం మంచిది కాదు. ఆ రెండు అంకెలనూ ఒకే పరిమాణపు అక్షరాల్లో, ఒకే ధీమాతో పక్కపక్కన పెట్టడమే వీటి ప్రధాన లోపం.

ముందు దూరం సంగతి చూద్దాం. ఈ సేవలు ఇచ్చేది విమానం నిజంగా ఎగిరే దారి పొడవు కాదు, భూమి ఉపరితలం మీద రెండు బిందువులను కలిపే కనిష్ఠ దూరం. గ్లోబు మీద రెండు నగరాల మధ్య దారాన్ని బిగించి పట్టుకుంటే అది ఏ దారిన పడుతుందో దాన్నే మహావృత్త మార్గం అంటారు. పటంలో గీత వంపు తిరిగి కనిపించడానికి కారణం కూడా అదే. 1569లో మెర్కేటర్ రూపొందించిన పద్ధతిలో గీసిన పటాల మీద సరళరేఖగా కనిపించే దారి దిక్సూచి దిశ మారకుండా సాగే దారి మాత్రమే. అది అతి దగ్గరి దారి కావలసిన అవసరం లేదు. ఉత్తరార్ధగోళంలో తూర్పు పడమరలుగా దూరంగా ఉన్న రెండు నగరాల మధ్య దగ్గరి దారి ఉత్తరానికి ఎంత ఎగబాకుతుందో చూసి మొదటిసారి ఆశ్చర్యపోనివారు అరుదు. ఈ ఒక్క సంగతిని కళ్లకు కట్టినట్టు చూపించడంలో ఈ సేవలు పాఠ్యపుస్తకాల కంటే మెరుగైన పని చేస్తున్నాయని ఒప్పుకోవాలి.

ఒకే జత విమానాశ్రయాలకు రెండు సేవలు రెండు వేర్వేరు దూరాలు చూపినప్పుడు చాలామంది ఏదో ఒకటి తప్పనుకుంటారు. లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జాన్ ఎఫ్. కెనడీ విమానాశ్రయానికి ఒక సేవ 5,540 కి.మీ. అని, మరొకటి 5,555 కి.మీ. అని చెప్పవచ్చు. మొదటిది భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధం గల సంపూర్ణ గోళంగా భావించి, హావర్‌సైన్ సూత్రంతో లెక్కించింది. రెండవది భూమి అసలు ఆకారాన్ని పరిగణించింది: భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం సుమారు 6,378 కి.మీ., ధ్రువాల దగ్గర సుమారు 6,357 కి.మీ. ఇలా ధ్రువాల వద్ద కొద్దిగా నొక్కుకుపోయిన ఆకారం మీద దూరం లెక్కించే పద్ధతుల్లో విన్సెంటీ 1975లో ప్రచురించిన సూత్రాలు బాగా ప్రచారంలో ఉన్నాయి. రెండు లెక్కల మధ్య తేడా సాధారణంగా అర శాతానికి మించదు కనుక ప్రయాణికునికి దానివల్ల వచ్చే నష్టమేమీ లేదు. అయితే ఏ లెక్క వాడామో చెప్పకుండా దూరాన్ని దశాంశ బిందువు తర్వాత రెండు అంకెల వరకు చూపించే సేవలు మాత్రం లేని ఖచ్చితత్వాన్ని ప్రదర్శిస్తున్నాయి. పదిహేను కిలోమీటర్ల సందేహం ఉన్న చోట పది మీటర్ల వరకు లెక్క చెప్పడం వినియోగదారుని తికమక పెట్టడమే.

కొలమానాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మైలు, నాటికల్ మైలు ఒకటి కావు. మామూలు మైలు 1,609.344 మీటర్లు, నాటికల్ మైలు సరిగ్గా 1,852 మీటర్లు. పై ఉదాహరణలోని 5,555 కి.మీ. దాదాపు 3,450 మైళ్లు అవుతుంది, దాదాపు 3,000 నాటికల్ మైళ్లు అవుతుంది. విమాన చోదకులు, విమాన గమన నియంత్రకులు వాడేది రెండవదాన్నే, వేగాన్ని వారు నాట్లలో, అంటే గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని చెబుతారు. కొన్ని సేవల్లో కేవలం మైళ్లు అని రాసి ఊరుకుంటారు. అది ఏ మైలో తెలియకపోతే పదిహేను శాతం తేడా వస్తుంది. సేవ నాణ్యతను తేల్చుకోవడానికి మరొక సులువైన పరీక్ష ఉంది. భూగోళం మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా కనిష్ఠ దూరం సుమారు 20,000 కి.మీ.కు మించదు, ఎందుకంటే భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. స్పెయిన్‌లోని ఒక నగరాన్ని, దానికి దాదాపు ఎదురుగా భూమికి అవతలి వైపున్న న్యూజిలాండ్ నగరాన్ని ఇచ్చి చూడండి. అంతకంటే స్పష్టంగా పెద్ద అంకె వస్తే ఆ సేవను అక్కడితో వదిలేయవచ్చు.

నగరం అంటే ఏ బిందువు అన్నది ఇంతకంటే పెద్ద ప్రశ్న. కొన్ని సేవలు నగర కేంద్రం నుంచి నగర కేంద్రానికి కొలుస్తాయి, కొన్ని విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి కొలుస్తాయి, మరికొన్ని ఏది కొలుస్తున్నాయో చెప్పనే చెప్పవు. లండన్‌కు హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ వంటి పలు విమానాశ్రయాలున్నాయి. టోక్యోకు హనేదా, నరితా అని రెండున్నాయి. హనేదా నగరానికి దగ్గర, నరితా నగర కేంద్రానికి సుమారు 60 కి.మీ. దూరం. ఎనిమిది వేల కిలోమీటర్ల గగన ప్రయాణంలో ఆ తేడా లెక్కలోకి రాదు గానీ, దిగిన తర్వాత నగరానికి చేరే సమయంలో గంటకు పైగా తేడా తెస్తుంది. పేర్ల గందరగోళం సరేసరి. శాన్ హోసే అనే నగరం కాలిఫోర్నియాలోనూ ఉంది, కోస్టారికా రాజధానిగానూ ఉంది. బర్మింగ్‌హామ్ ఇంగ్లండ్‌లోనూ ఉంది, అమెరికాలోని అలబామాలోనూ ఉంది. లండన్ కూడా కెనడాలో ఒకటి ఉంది. పేరు టైపు చేయగానే దేశం పేరుతో సహా జాబితా చూపించి ఎంచుకోమనే సేవలు మేలైనవి. అడగకుండానే ఏదో ఒకటి తీసుకుని లెక్క ఇచ్చేసేవాటితో జాగ్రత్తగా ఉండాలి. విమానాశ్రయాల మూడక్షరాల సంకేతాలను స్వీకరించే సేవ దొరికితే అదే వాడడం ఉత్తమం; ఉదాహరణకు కాలిఫోర్నియా శాన్ హోసే ఎస్‌జేసీ, కోస్టారికా శాన్ హోసే ఎస్‌జేఓ. సంకేతంతో అడిగిన ప్రశ్నకు రెండు అర్థాలుండవు.

ఇక సమయం. ఇక్కడే ఈ సేవల బలహీనత బయటపడుతుంది. చాలా సేవలు చేసేది ఒక్క భాగహారం: దూరాన్ని గంటకు 800 కి.మీ. లేదా 900 కి.మీ. అనే స్థిర వేగంతో భాగించి, ఎగరడానికి, దిగడానికి కలిపి ఒక అరగంట చేర్చడం. ఆ వేగం అసలు అబద్ధం కాదు. పెద్ద దూరాలకు వాడే బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఏ350 వంటి విమానాలు ధ్వని వేగంలో సుమారు 0.85 వంతు వేగంతో, మధ్యస్థ దూరాలకు వాడే ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 వంటివి సుమారు 0.78 వంతు వేగంతో ప్రయాణిస్తాయి. దాదాపు 11 కి.మీ. ఎత్తులో, ప్రామాణిక లెక్క ప్రకారం ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీల సెల్సియస్ ఉన్నచోట, ధ్వని వేగం గంటకు సుమారు 1,060 కి.మీ. మాత్రమే కనుక, ఆ విమానాల వేగాలు వరుసగా గంటకు 900, 830 కి.మీ. దరిదాపుల్లో ఉంటాయి. అయితే ఇది చుట్టూ ఉన్న గాలితో పోల్చినప్పటి వేగం. గాలి స్వయంగా కదులుతూ ఉంటే నేల మీద లెక్కకు వచ్చే వేగం వేరే. ఏటివాలున వెళ్లే పడవకు, ఏటికి ఎదురెళ్లే పడవకు ఒకే సమయం చెప్పే పడవవాడు ఎలాంటివాడో, వెళ్లేటప్పటికీ వచ్చేటప్పటికీ ఒకే సమయం చూపించే సేవ కూడా అలాంటిదే.

మధ్య అక్షాంశాల మీదుగా, సుమారు 9 నుంచి 12 కి.మీ. ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ప్రవాహాలను జెట్ స్ట్రీమ్‌లు అంటారు. చలికాలంలో వీటి వేగం గంటకు 300 కి.మీ. దాటిన సందర్భాలున్నాయి. న్యూయార్క్ నుంచి లండన్‌కు విమాన సంస్థల కాలపట్టికలో సుమారు ఏడు గంటలుంటే, లండన్ నుంచి న్యూయార్క్‌కు సుమారు ఎనిమిది గంటలుండడానికి కారణం ఇదే. మన సేవల్లో గంటకు 800 కి.మీ. లెక్క వాడేది రెండు దిక్కులకూ దాదాపు ఏడున్నర గంటలని చెబుతుంది. అంటే రెండింటి మధ్యన నిలబడి రెండింటికీ సరిపోని జవాబు ఇస్తుంది. 2020 ఫిబ్రవరిలో కియారా తుపాను సమయంలో బ్రిటిష్ ఎయిర్‌వేస్‌కు చెందిన బోయింగ్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. నేల మీద లెక్కలో దాని వేగం ఒక దశలో గంటకు 1,300 కి.మీ. దాటింది, అయినా తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ధ్వని వేగాన్ని దాటలేదు. భూమి తూర్పు వైపు తిరుగుతోంది కాబట్టి తూర్పు నుంచి పడమరకు వెళ్లేవారికి గమ్యం ఎదురొస్తుందని, అందుకని తొందరగా చేరతారని కొందరు అనుకుంటారు. వాతావరణం కూడా భూమితో పాటే తిరుగుతుంది కనుక అలా జరగదు. నిజంగా జరిగేది దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది.

గాలి ప్రభావం ఎంత దూరం పోతుందో చూపడానికి ఢిల్లీ – శాన్ ఫ్రాన్సిస్కో మార్గాన్ని మించిన ఉదాహరణ లేదు. ఈ రెండు నగరాల మధ్య మహావృత్త దూరం సుమారు 12,400 కి.మీ., ఆ గీత ఆర్కిటిక్ ప్రాంతం మీదుగా పోతుంది. ఎయిర్ ఇండియా ఒకప్పుడు ఈ ప్రయాణాన్ని పడమరగా, అట్లాంటిక్ మీదుగా నడిపేది. ఆ దారి పొడవు సుమారు 13,900 కి.మీ. 2016 అక్టోబరులో అదే విమానాన్ని తూర్పుగా, పసిఫిక్ మీదుగా మళ్లించినప్పుడు అది సుమారు 15,300 కి.మీ. ఎగిరి, పద్నాలుగున్నర గంటల్లోనే గమ్యం చేరింది. అంటే దారి 1,400 కి.మీ. పెరిగింది, సమయం దాదాపు రెండు గంటలు తగ్గింది. దూరాన్ని వేగంతో భాగించే సేవ ఈ ప్రయాణానికి పదహారు గంటలు చూపిస్తుంది. దూరం పెరిగితే సమయం పెరుగుతుందన్న సామాన్య సూత్రమే పనిచేయని చోట, ఆ సూత్రం మీదే కట్టిన యంత్రం నుంచి సరైన జవాబు ఆశించడం అన్యాయం. కనీసం ఈ సమయం గాలిని పరిగణించకుండా వేసిన అంచనా అన్న ఒక్క వాక్యం అక్కడ రాసి ఉంచితే ఆ సేవలను ఇంతగా తప్పుపట్టవలసిన పని ఉండేది కాదు.

విమానం అతి దగ్గరి దారిన వెళ్లకపోవడానికి గాలి ఒక్కటే కారణం కాదు. దేశాలు తమ గగనతలాన్ని మూసివేస్తే విమానాలు చుట్టుతిరిగి పోవలసిందే. హెల్సింకీ నుంచి టోక్యోకు మహావృత్త దూరం సుమారు 7,800 కి.మీ.; 2022కు ముందు రష్యా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో ముగిసే ఆ ప్రయాణం, రష్యా గగనతలం మూతపడ్డాక సుమారు పదమూడు గంటలకు పెరిగింది. ఆ విమానాలు ఒక్కోసారి ఉత్తర ధ్రువం మీదుగా, ఒక్కోసారి దక్షిణంగా చుట్టుకుని వెళ్లాయి. లెక్కల సేవలో మాత్రం గీత అప్పుడూ సైబీరియా మీదుగానే ఉంది, సమయం అప్పుడూ పది గంటల చుట్టుపక్కలే ఉంది. టిబెట్ పీఠభూమి సంగతి మరొకటి. విమానం లోపలి గాలి పీడనం హఠాత్తుగా పడిపోతే చోదకులు సుమారు 10,000 అడుగుల ఎత్తుకు దిగవలసి ఉంటుంది, ప్రయాణికుల ప్రాణవాయువు సరఫరా సాధారణంగా కొన్ని నిమిషాలపాటే ఉంటుంది. నేలే సగటున 4,500 మీటర్లకు, అంటే 14,700 అడుగులకు పైన ఉన్న చోట అలా దిగడానికి వీలుండదు. అందుచేత చాలా మార్గాలు ఆ పీఠభూమిని తప్పించి సాగుతాయి. ఉత్తర అట్లాంటిక్ మీద అయితే దారులు ఏ రోజుకారోజు మారుతాయి: ఆ రోజు గాలిని బట్టి షాన్‌విక్, గాండర్ నియంత్రణ కేంద్రాలు తూర్పుకు వెళ్లేవారికి ఒక వరుస, పడమరకు వెళ్లేవారికి ఒక వరుస మార్గాలను ప్రకటిస్తాయి. నిన్నటి దారి ఇవాళ ఉండాలన్న నియమం లేదు.

తక్కువ దూరాల్లో లోపం మరో రూపంలో కనిపిస్తుంది. స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్‌నీ దీవుల్లో వెస్ట్రే, పాపా వెస్ట్రే అనే రెండు ద్వీపాల మధ్య లోగనెయిర్ నడిపే విమానం ఎగిరే దూరం సుమారు 2.7 కి.మీ.; కాలపట్టికలో దానికి కేటాయించింది రెండు నిమిషాలు, గాలి అనుకూలించినప్పుడు 53 సెకన్లలో ముగిసిన రికార్డు ఉంది. అరగంట కలిపే సూత్రం వాడే సేవ ఈ ప్రయాణానికి ముప్పై నిమిషాలు చూపిస్తుంది. ఇది వినోదం కోసం చెప్పిన ఉదాహరణే అనుకున్నా, లండన్ – ఆమ్‌స్టర్‌డామ్ వంటి రద్దీ మార్గాల్లో అదే సూత్రం రెండో వైపు తప్పుతుంది. దూరం 370 కి.మీ., సేవ లెక్క ఒక గంట. కాలపట్టికలో మాత్రం గంటంబావు లేదా అంతకు కాస్త ఎక్కువ. ఆ తేడా గాలిలోది కాదు. విమాన సంస్థ ప్రకటించే సమయం, విమానం నిలిపిన చోటి నుంచి కదిలినప్పటి నుంచి మరో విమానాశ్రయంలో నిలిపే చోటికి చేరేవరకు లెక్క. దాన్ని బ్లాక్ టైమ్ అంటారు. రన్‌వే దాకా విమానం నేల మీద నడిచే సమయం, వరుసలో ఆగే సమయం, దిగే ముందు ఆకాశంలో చక్కర్లు కొట్టే సమయం అన్నీ అందులో కలుస్తాయి. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2003లో ప్రారంభమైన పోల్డర్‌బాన్ రన్‌వే టెర్మినల్‌కు ఎంత దూరంగా ఉందంటే, దాని మీద దిగిన విమానం గేటుకు చేరడానికే పది నుంచి ఇరవై నిమిషాలు పట్టవచ్చు. దీనికి తోడు 10,000 అడుగుల లోపు ఎత్తులో విమానాల వేగం సాధారణంగా 250 నాట్లకు, అంటే గంటకు 463 కి.మీ.కు పరిమితం. చిన్న ప్రయాణంలో పూర్తి వేగంతో ఎగిరే భాగం కొద్దిసేపే.

కాలపట్టికలోని సమయం మాత్రం పరమ సత్యమా అంటే, అదీ కాదు. సంస్థలు ఆలస్యాలను ముందే ఊహించి కొన్ని నిమిషాలు అదనంగా చేర్చి ప్రకటిస్తాయి. అమెరికాలో ప్రకటించిన సమయానికి 15 నిమిషాలు దాటకుండా చేరిన విమానాన్ని సకాలంలో చేరినట్టే లెక్కిస్తారు. ఆ అదనపు నిమిషాల వల్లనే, ఆలస్యంగా బయలుదేరిన విమానం కూడా అప్పుడప్పుడు ముందుగా చేరి ప్రయాణికులను ఆశ్చర్యపరుస్తుంది. అయినా కాలపట్టిక ఆ మార్గంలో విమానాలు నడిపిన అనుభవం మీద ఆధారపడింది, లెక్కల సేవ ఒక్క భాగహారం మీద ఆధారపడింది. రెండింటిలో ఏది నమ్మాలన్న సందేహం అక్కర లేదు. ఇంకా నిజమైన సమయం కావాలంటే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ వంటి విమాన గమనాన్ని చూపే సేవల్లో ఆ విమానం సంఖ్య ఇచ్చి, గత కొద్ది రోజుల్లో అది ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది, ఏ దారిన వెళ్లింది చూసుకోవచ్చు. అవి విమానాలు స్వయంగా ప్రసారం చేసే స్థాన సంకేతాలను నేల మీది గ్రాహకాల ద్వారా అందుకుని చూపిస్తాయి కనుక ఊహకు తావు తక్కువ.

స్థానిక కాలాన్ని లెక్కించి, ఫలానా గంటకు చేరతారు అని చెప్పే సేవలను మరో పరీక్ష పెట్టి చూడాలి. లండన్, న్యూయార్క్ మధ్య కాలభేదం ఐదు గంటలని అందరికీ తెలుసు. కానీ అమెరికాలో వేసవి కాలమానం, అంటే గడియారాన్ని గంట ముందుకు జరిపే ఏర్పాటు, మార్చి రెండో ఆదివారం మొదలవుతుంది, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం మొదలవుతుంది. ఆ మధ్య రోజుల్లో భేదం నాలుగు గంటలే. శరదృతువులో బ్రిటన్ అక్టోబరు చివరి ఆదివారం, అమెరికా నవంబరు మొదటి ఆదివారం వెనక్కు మారుతాయి కాబట్టి ఆ వారం రోజులూ మళ్లీ అదే పరిస్థితి. ప్రయాణ తేదీ అడగకుండా చేరే వేళ చెప్పే సేవ ఆ రోజుల్లో గంట తప్పు చెబుతుంది. దాటగానే తేదీ మారే దినరేఖ దగ్గర విచిత్రం ఇంకా పెద్దది. సమోవా 2011 చివరలో దినరేఖకు అవతలి వైపుకు మారింది. దాని రాజధాని అపియాకు, అమెరికన్ సమోవాలోని పాగో పాగోకు మధ్య దూరం 150 కి.మీ. లోపే అయినా కాలభేదం 24 గంటలు. అపియాలో బయలుదేరినవారు గంటలోపే ముందు రోజున దిగుతారు. ఈ జత ఇచ్చి చూస్తే, గడియారం లెక్క సరిగా చేస్తున్న సేవ ఏదో, కేవలం కూడికలు తీసివేతలతో నెట్టుకొస్తున్నది ఏదో వెంటనే తెలిసిపోతుంది.

ఇంత విమర్శించాక ఈ సేవలు దేనికి పనికొస్తాయన్న ప్రశ్న న్యాయమైనదే. దూరం అవసరమైన చోట అవి నిజంగానే పనికొస్తాయి. ఐరోపా సమాఖ్య 2004లో చేసిన 261వ నిబంధన ప్రకారం విమానం రద్దయినా, బాగా ఆలస్యమైనా ప్రయాణికునికి రావలసిన పరిహారం దూరాన్ని బట్టి మారుతుంది, 1,500 కి.మీ., 3,500 కి.మీ. అక్కడి ముఖ్యమైన హద్దులు. ఆ దూరాన్ని మహావృత్త పద్ధతిలోనే కొలవాలని నిబంధనే చెబుతోంది. మధ్యలో మరో విమానం మారినా, మొదట బయలుదేరిన చోటికి, చివరి గమ్యానికి మధ్య నేరు దూరాన్నే తీసుకోవాలని అక్కడి న్యాయస్థానం 2017లో తేల్చింది. కాబట్టి విమానం నిజంగా ఎంత చుట్టు తిరిగిందన్నది ఆ లెక్కలోకి రాదు, ఈ సేవలు చూపే అంకే వస్తుంది. కర్బన ఉద్గారాలను అంచనా వేసేవారికి కూడా మొదటి మెట్టు ఇదే. అయితే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ తన లెక్కలో మహావృత్త దూరాన్ని ఉన్నదున్నట్టు వాడదు, 550 కి.మీ. లోపు ప్రయాణాలకు 50 కి.మీ., అక్కడి నుంచి 5,500 కి.మీ. వరకు 100 కి.మీ., ఆపైన 125 కి.మీ. అదనంగా చేర్చి, నిజమైన దారి మహావృత్తం కంటే ఎప్పుడూ కొంత పొడవుగానే ఉంటుందన్న సంగతిని లెక్కలోకి తెస్తుంది. మన ఉచిత సేవలు కనీసం ఈ పాటి సవరణనైనా అనుసరిస్తే బాగుండేది.

వీటిలో నేను ఎంచుకునేది ఎలాంటిదో కూడా చెప్పాలి. విమానాశ్రయ సంకేతాలు స్వీకరించేది, ఏ భూమి ఆకారం మీద లెక్క వేసిందో రాసేది, రెండుకు మించి మజిలీలను వరుసగా చేర్చుకోనిచ్చేది, సమయాన్ని చూపకపోయినా ఫరవాలేదు గానీ చూపితే ఏ వేగంతో చూపిందో చెప్పేది అయితే చాలు. ఇలాంటివి ఉన్నాయి, సాధారణంగా చూడడానికి సాదాగా, రంగుల హంగు లేకుండా ఉంటాయి. దీనికి తిరగబడి, పేజీ తెరవగానే సమయాన్ని పెద్ద అక్షరాల్లో చూపించి, ఆ కిందే టికెట్లు కొనమని పురమాయించేవాటిలో లెక్క వివరం ఎక్కడా కనపడదు. రోడ్డు, రైలు దూరాలతో పక్కపక్కనే పోల్చి చూపించే సేవలూ ఉన్నాయి, ఆ పోలికను మాత్రం మరీ జాగ్రత్తగా చదవాలి. మాడ్రిడ్ నుంచి బార్సెలోనాకు గాలిలో దూరం 480 కి.మీ. చిల్లర, వేగ రైలు మార్గం పొడవు 621 కి.మీ.; దూరం చూస్తే విమానమే మేలనిపిస్తుంది. కానీ అతి వేగంగా నడిచే రైలు నగరం నడిబొడ్డు నుంచి నడిబొడ్డుకు రెండున్నర గంటల్లో చేరుస్తుంది. విమానాశ్రయానికి వెళ్లడం, తనిఖీలు, గేటు దగ్గర నిరీక్షణ, దిగాక నగరంలోకి రావడం ఏ లెక్కల సేవా కలపదు.

చివరిగా, నేరుగా విమానం లేని జతల విషయంలో ఈ సేవలు చేసేది సమర్థించలేనిది. ఆక్లాండ్ నుంచి కేప్‌టౌన్‌కు మహావృత్త దూరం సుమారు 11,750 కి.మీ.; గీత అంటార్కిటికా ఖండం మీదుగా పోతుంది, సేవ పదిహేను గంటల ప్రయాణమని రాస్తుంది. ఆ రెండు నగరాల మధ్య నేరుగా నడిచే విమానం లేదు. వెళ్లదలచినవారు సిడ్నీ, జొహానెస్‌బర్గ్‌ల మీదుగానో, దోహా లేదా దుబాయ్ మీదుగానో విమానం మారి వెళ్లాలి, నిరీక్షణతో కలిపితే ఒక రోజుకు పైగానే పడుతుంది. ఈ మార్గంలో నేరుగా విమానం లేదు అన్న చిన్న గమనిక చూపడానికి సేవ దగ్గర ఉండవలసింది ప్రస్తుతం నడుస్తున్న మార్గాల జాబితా మాత్రమే. టికెట్లు అమ్మే సేవలన్నింటి దగ్గరా అది ఉంటుంది. ఆ జాబితాను జతపరచి, లేని విమానానికి సమయం చూపడం మానేసిన రోజున ఈ సేవల గురించి నా అభిప్రాయం ఒక మెట్టు పెరుగుతుంది. అప్పటిదాకా వాటిని దూరానికి మాత్రమే వాడుతూ, సమయం కోసం విమాన సంస్థ కాలపట్టికను తెరుస్తాను.